అమెరికాలో ఎమ్మెస్ విద్యార్థుల ఒత్తిడికి పాట, ధ్యానం: కార్యక్రమం ఎలా పెట్టాలి?

పిల్లకాలువ (ప్రశ్న)

అందరికీ నమస్తే. టెక్సాస్‌లో ఒక యూనివర్సిటీ ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్ తరఫున అడుగుతున్నాను. ఫాల్ సెమిస్టర్‌కి వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. సెప్టెంబరు చివరికల్లా మిడ్‌టర్మ్‌లు, ఇంటర్న్‌షిప్ అప్లికేషన్లు, బ్యాంకు లోను బెంగ, ఇంటిమీద బెంగ అన్నీ ఒకేసారి మీద పడతాయి. అందుకని సంగీతం, మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణాన్ని గమనించే ధ్యానం) కలిపి ఆరు వారాల కార్యక్రమం పెడదామనుకుంటున్నాం. స్టూడెంట్ యూనియన్‌లో వారానికి గంటసేపు గది ఇస్తారు. 15 నుంచి 20 మంది రావచ్చు. ఖర్చుపెట్టడానికి డబ్బు లేదు.

కొత్తవాళ్లని ఎంతసేపు కూర్చోబెట్టాలి? ఎలాంటి సంగీతం పెట్టాలి? తెలుగువాళ్లే కాకుండా నేపాల్, నైజీరియా, వియత్నాం పిల్లలు కూడా వస్తామంటున్నారు, అన్ని మతాలవాళ్లూ ఉంటారు కాబట్టి భక్తి పాటలు పెట్టొచ్చా? నిద్ర పట్టడంలేదనేవాళ్లు ఎక్కువ, వాళ్లకి ఏం చెప్పాలి? ఇక్కడిదాకా మన పని, ఇక కౌన్సెలింగ్‌కి పంపాలి అని ఎలా తెలుస్తుంది? "ప్రశాంతంగా ఉండండి" లాంటి సలహాలు మా దగ్గరే బోలెడున్నాయి. తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

దీర్ఘశ్వాస

ముందు వారాల సంగతి. మైండ్‌ఫుల్‌నెస్ అనగానే అందరూ ఎనిమిది వారాల ఎంబీఎస్ఆర్ (మైండ్‌ఫుల్‌నెస్‌తో ఒత్తిడి తగ్గించే శిక్షణ) పద్ధతిని పట్టుకుంటారు. జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో దాన్ని మొదలుపెట్టింది దీర్ఘకాలిక నొప్పులతో వచ్చే రోగుల కోసం. వారానికి రెండున్నర గంటల క్లాసు, ఇంట్లో రోజూ ముప్పావుగంట సాధన, మధ్యలో ఒక పూర్తిరోజు. తొమ్మిది క్రెడిట్లు, క్యాంపస్‌లో 20 గంటల ఉద్యోగం, వంట, గిన్నెలు ఉన్న విద్యార్థికి అది కుదరదు. రెండో వారానికే సగం మంది మానేస్తారు, పైగా "ధ్యానం కూడా నావల్ల కాలేదు" అన్న బాధ ఒకటి అదనం.

మీకు దగ్గరగా ఉండేది డ్యూక్ యూనివర్సిటీలో హాలీ రోజర్స్, మార్గరెట్ మేటన్ కాలేజీ వయసువాళ్ల కోసమే తయారుచేసిన కోరు పద్ధతి. నాలుగు క్లాసులు, ఒక్కొక్కటి 75 నిమిషాలు, ఇంట్లో రోజుకి 10 నిమిషాలే. కాబట్టి ఆరు వారాలు వద్దు, నాలుగు చాలు. లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) అయిన వారంలో మొదలుపెట్టి సెప్టెంబరులోనే పూర్తిచేయండి. మిడ్‌టర్మ్ వారంలో కొత్తగా నేర్పితే ఎవరికీ ఎక్కదు. భయం పుట్టకముందే నేర్చుకున్నదే భయం వేళకి పనికొస్తుంది.

మొదటి వారం పొట్టతో ఊపిరి ఒక్కటే నేర్పండి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకి పూర్తిగా తాకించి కూర్చోవాలి. ఒక చెయ్యి ఛాతీమీద, ఒకటి బొడ్డు కింద. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. అంటే పది సెకన్లకి ఒక ఊపిరి, నిమిషానికి ఆరు. గుండె వేగం ఊపిరి పీల్చేటప్పుడు కాస్త పెరిగి, వదిలేటప్పుడు గుండెని నెమ్మదింపజేసే వేగస్ నాడి ప్రభావంతో తగ్గుతుంది. అందుకే వదిలే భాగం పొడుగ్గా ఉండాలి. మొదటిరోజు ఐదు నిమిషాలు మించొద్దు.

ఇక్కడ జరిగే తప్పు దాదాపు అందరిదీ ఒకటే. "గట్టిగా ఊపిరి పీల్చు" అనగానే ఛాతీ నిండా గాలి లాగుతారు. నిమిషంలో తల తేలిపోతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోవడమే కారణం. విరుగుడు గాలి తక్కువ పీల్చడమే. లెక్క అదే ఉంచి, మామూలుగా పీల్చేంతే పీల్చమనండి. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగమైన ప్రాణాయామాలు ఈ గుంపులో వద్దే వద్దు. గుండెదడ, పానిక్ ఉన్నవాళ్లకి సరిగ్గా ఆ లక్షణాలనే తెచ్చిపెడతాయి.

ఇంకో ముఖ్యమైన విషయం. కొందరికి కళ్లు మూసుకుని ఊపిరిమీద దృష్టి పెడితే భయం తగ్గకపోగా పెరుగుతుంది. ఇంతకుముందు మనసుకి ఏదైనా పెద్ద దెబ్బ తగిలినవాళ్లలో ఇది ఎక్కువ. అందుకని మొదలుపెట్టకముందే అందరికీ చెప్పండి: కళ్లు తెరిచి నేలవైపు చూడొచ్చు, ఊపిరి బదులు పాదాల కింద నేలని గమనించొచ్చు, లేచి బయటికి వెళ్లొచ్చు, ఎవరూ కారణం అడగరు. ఈ మాట చెప్పని క్లాసు నా దృష్టిలో ప్రమాదకరం.

రెండో వారం నడక ధ్యానం: గది పొడవునా పది అడుగులు, మడమ, అరికాలు, వేళ్లు నేలకి తాకడం గమనిస్తూ నెమ్మదిగా. కుదురుగా కూర్చోలేనివాళ్లకి ఇదే బాగా నప్పుతుంది. మూడో వారం తలనుంచి పాదాలదాకా ఒళ్లంతా గమనించడం. పడుకోబెట్టి చేయిస్తే సగం మంది నిద్రపోతారు, కూర్చోబెట్టే చేయించండి. నాలుగో వారం ఆలోచనలకి పేరుపెట్టడం: "లోను ఆలోచన", "పోల్చుకోవడం", "రేపటి ప్లాను" అని లోపల అనుకుని వదిలేయడం. ఆలోచనలు ఆగిపోవాలని ఎవరైనా అనుకుంటుంటే మొదటిరోజే ఆ అపోహ తీసేయండి. దృష్టి ఎటో వెళ్లిందని గుర్తించి వెనక్కి తేవడమే సాధన. పది నిమిషాల్లో అరవైసార్లు వెళ్లి అరవైసార్లు వెనక్కి వస్తే అది మంచి సాధనే.

శ్రుతిపెట్టె

దీర్ఘశ్వాస గారు చెప్పిన నిమిషానికి ఆరు ఊపిరుల లెక్కని పట్టుకునే నా మాట చెప్తాను. పాటని స్పీకర్లో పెట్టి వినిపించడం కన్నా పాడించండి. పాడటమంటే చిన్నగా పీల్చి పొడుగ్గా వదలడమే కదా. మన పిల్లల్లో చాలామంది చిన్నప్పుడు రెండేళ్లో మూడేళ్లో సంగీతం క్లాసుకి వెళ్లి సరళీ స్వరాల దగ్గరో గీతాల దగ్గరో ఆపేసినవాళ్లే ఉంటారు. ఆ కాస్తా చాలు.

పద్ధతి ఇది. ఫోన్లో తంబురా యాప్ ఒకటి, మెట్రోనోమ్ (సమానంగా దెబ్బలు కొట్టే యాప్) ఒకటి. మెట్రోనోమ్ నిమిషానికి 72 దెబ్బల దగ్గర పెట్టండి. "స రి గ మ ప ద ని స" దెబ్బకొక స్వరం, ఎనిమిది దెబ్బలు ఒకే ఊపిరిలో. తర్వాత నాలుగు దెబ్బలు మౌనం, ఆ వ్యవధిలో ముక్కుతో మెల్లగా పీల్చాలి. మళ్లీ "స ని ద ప మ గ రి స". పన్నెండు దెబ్బలంటే 72 వేగంలో సరిగ్గా పది సెకన్లు, నిమిషానికి ఆరు ఊపిరులు. రెండు వారాలకి అలవాటయ్యాక 60కి దించండి, పన్నెండు సెకన్లకి ఒక ఊపిరి అవుతుంది. ఇంకా కిందికి వెళ్లొద్దు, కొత్తవాళ్లకి ఊపిరి చాలక గొంతు బిగుస్తుంది. మధ్యలో నాలుగు దెబ్బల మౌనం వల్ల ఎనిమిది దెబ్బల ఆది తాళం లెక్క చెడుతుందని సంగీతం వచ్చినవాళ్లు వెంటనే అంటారు. నిజమే, కానీ ఇది సంగీతపాఠం కాదు కాబట్టి తాళం వేయకుండా తొడమీద దెబ్బ కొడితే చాలు. గొంతు శ్రుతిమీద, చెయ్యి లయమీద ఉంటే దిగులుకి దొరికే జాగా తగ్గుతుంది.

మగ, ఆడ గొంతులు కలిసినప్పుడు శ్రుతి దగ్గరే అంతా చెడుతుంది. ఒకటి శ్రుతిలో (పియానోలో C) పెడితే ఆడపిల్లలకి మరీ కిందికో మరీ పైకో పోతుంది, ఐదున (G) పెడితే చాలామంది మగపిల్లలకి కింది షడ్జం (స) అందదు. పాడేది ఒక్క స్థాయి మాత్రమే కాబట్టి 6 శ్రుతి (A) పెట్టండి. మగవాళ్లు ఒక స్థాయి కింద పాడతారు, ఇద్దరికీ హాయిగా అందుతుంది. తారస్థాయి షడ్జం దాటి పైకి వెళ్లనివ్వొద్దు. గట్టిగా పాడనివ్వొద్దు, పక్కవాడి గొంతు వినబడాలి. భుజాలు లేస్తుంటే నోటితో గాలి మింగుతున్నారని అర్థం.

అసలు సంగీతం తెలియనివాళ్లకి సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో రిషభం (రి) దొరకదు. వాళ్లుంటే మోహన రాగం పట్టుకోండి: స రి గ ప ద స. అపస్వరం పడే చోట్లు తక్కువ. ఇలాంటి ఐదు స్వరాల వరుస వియత్నాంలోనూ, ఆఫ్రికాలో చాలాచోట్లా ఉంది కాబట్టి వాళ్ల చెవికీ కొత్తగా అనిపించదు. అదీ రాకపోతే షడ్జం ఒక్కటే, పెదాలు మూసి "మ్మ్మ్" అని. అపార్టుమెంట్లలో చెక్క గోడలు పల్చన, రాత్రి పదికే క్వైట్ అవర్స్ (చప్పుడు చేయకూడని వేళలు) మొదలవుతాయి చాలాచోట్ల. ఇంట్లో సాధనకి ఈ మూసిన నోటి పద్ధతే పనికొస్తుంది.

భక్తి పాటల సంగతి. స్వరాలకి మతం లేదు, మొదటి రెండు వారాలు అవే ఉంచండి. మూడో వారం ఎవరికైనా ఊపిరిని నెమ్మదింపజేసే జపమో ప్రార్థనో ఉంటే వాళ్లని తెచ్చుకోమనండి. 2001లో ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం క్యాథలిక్కులు జపమాలతో చెప్పే లాటిన్ ప్రార్థననీ, "ఓం మణి పద్మే" మంత్రాన్నీ పక్కపక్కన పెట్టి కొలిస్తే రెండింటితోనూ ఊపిరి నిమిషానికి సుమారు ఆరుకి వచ్చింది. ఎవరిది వాళ్లు మనసులో చెప్పుకున్నా సరిపోతుంది. ఒకరిది అందరిచేత పాడించడం మాత్రం వద్దు.

కలిసి పాడటంలో ఇంకో లాభం ఉంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో పాటల క్లాసులో చేరినవాళ్లు, చేతిపనులు, రచన నేర్చుకునే క్లాసుల్లో చేరినవాళ్ల కన్నా త్వరగా ఒకరికొకరు దగ్గరయ్యారు. నెలలు గడిచేసరికి మిగతా క్లాసులవాళ్లూ అంతే దగ్గరయ్యారనుకోండి. కానీ ఆగస్టులో దిగి ఎవరూ తెలియని కుర్రాడికి కావలసింది ఆ మొదటి వారాల్లో దొరికే దగ్గరితనమే.

నిద్రగన్నేరు

నిద్ర గురించి మాత్రమే చెప్తాను.

హంగరీలో విద్యార్థులమీద చేసిన అధ్యయనం ఒకటుంది, 2008లో వచ్చింది. నిద్ర సరిగా లేనివాళ్లు పడుకునే ముందు 45 నిమిషాలు నెమ్మదైన శాస్త్రీయ సంగీతం మూడు వారాలపాటు విన్నారు, నిద్ర మెరుగైంది. అదే సమయం ఆడియో పుస్తకం విన్నవాళ్లకి ఆ లాభం రాలేదు. గమనించాల్సింది మూడు వారాలు అన్నమాట. ఒక్కరాత్రి విని పనిచేయలేదని వదిలేస్తారు మనవాళ్లు.

ఏం వినాలి? మాటల్లేనిది, హఠాత్తుగా పెరగనిది. వీణ, వేణువు ఆలాపనలు మంచివి. నీలాంబరిని లాలిపాటల రాగంగా మనవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్నారు, దాంతో మొదలుపెట్టొచ్చు. కచేరీ రికార్డింగు మొత్తం పెట్టుకోవద్దు. ఆలాపన అయిపోయి కీర్తన, మృదంగం మొదలవగానే నిద్ర చెదురుతుంది, ఇక మృదంగం విడిగా మోగే తని ఆవర్తనమూ చప్పట్లూ సరేసరి. ఆలాపన భాగాలే విడిగా ఉన్నవి వెతకండి.

మనసు పరుగెడుతున్నప్పుడు నేరుగా నెమ్మది సంగీతం పెడితే చిరాకు వస్తుంది. సంగీత చికిత్సలో దీనికి ఒక పాత సూత్రం ఉంది: ముందు ఇప్పుడున్న మూడ్‌కి దగ్గరగా ఉన్న సంగీతంతో మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా కావలసిన చోటికి తీసుకెళ్లడం. లెక్కగా చెప్పాలంటే నిమిషానికి 100 బీట్ల పాటలు రెండు, 80 దగ్గర రెండు, తర్వాత 60 దగ్గరో లయ లేని ఆలాపనలో మిగతా సమయం. పాటల వరుస పగలే తయారుచేసి డౌన్‌లోడ్ చేసుకోవాలి. రాత్రి మంచంమీద వెతకడం మొదలుపెడితే అరగంట రీల్స్‌లోకి పోతుంది.

యూట్యూబ్ ఉచితంగా వాడేవాళ్లకి రెండు సమస్యలు: మధ్యలో ప్రకటన అదిరిపడేలా వస్తుంది, స్క్రీన్ ఆపితే పాట ఆగిపోతుంది. డౌన్‌లోడ్ చేసినవి ఎయిరోప్లేన్ మోడ్‌లో వినడం మేలు. ఐఫోన్‌లో క్లాక్ యాప్ టైమర్‌లో, సమయం అయిపోయాక మోగే శబ్దం బదులు "స్టాప్ ప్లేయింగ్" ఎంచుకోండి, పాట తనంతట ఆగుతుంది. గదిలో ముగ్గురుంటే స్పీకర్ కుదరదు. చెవిలో దూరే ఇయర్‌బడ్స్‌తో పక్కకి తిరిగి పడుకుంటే చెవి నొప్పి, తలకి కట్టుకునే గుడ్డ పట్టీలో పల్చటి స్పీకర్లున్నవి దొరుకుతాయి. సౌండు ఫ్యాను చప్పుడు వినబడేంత తక్కువ ఉండాలి.

ఇంటిని గుర్తుచేసే పాటలు రాత్రి వద్దు. పగలు, నలుగురిలో పాడుకుంటే అవే బలం. అర్ధరాత్రి ఒంటరిగా ఒకే పాట పదిసార్లు తిప్పి వింటే దిగులు అక్కడే తిరుగుతుంది, ఆల్రెడీ కుంగి ఉన్నవాళ్లకి మరీను. ఇంటికి ఫోన్ వేళ కూడా చూసుకోండి. టెక్సాస్‌లో రాత్రి తొమ్మిదంటే ఇంటి దగ్గర పొద్దున్న ఏడున్నర, నవంబరు మొదటి ఆదివారం గడియారం మారాక రాత్రి ఎనిమిదికే ఏడున్నర అవుతుంది. లోను, ఉద్యోగం, అక్క పెళ్లి మాటలన్నీ అప్పుడే వస్తాయి. ఫోన్ పెట్టేశాక కనీసం గంట ఎడం ఉంచి పడుకోవాలి. లేదా పొద్దున్న ఎనిమిదికి చేయమనండి, అక్కడ సాయంత్రం ఆరున్నర, అమ్మానాన్నలకీ తీరిక.

చదివేటప్పుడు పాటల గురించి ఒక్క మాట: మాటలున్న పాట ఏ భాషలో ఉన్నా చదువుకి అడ్డమే. తెలియని భాషలో మాటలు వినిపిస్తున్నా జ్ఞాపకం ఉంచుకోవడం దెబ్బతింటుందని 1970ల నుంచే ప్రయోగాలున్నాయి. చదువు ముందు పది నిమిషాలు వినండి, తర్వాత నిశ్శబ్దం.

పిల్లకాలువ

చాలా థాంక్స్ అండీ. నాలుగు వారాలకే కుదిస్తాం. రెండు సందేహాలు మిగిలాయి. కౌన్సెలింగ్‌కి వెళ్తే వీసాకి ఇబ్బంది, ఇంట్లోవాళ్లకి తెలిసిపోతుంది అని పిల్లలు భయపడతారు. అది నిజమా? రెండోది, పాడటానికి సిగ్గుపడేవాళ్లని ఎలా కూర్చోబెట్టాలి?

గట్టుమీద

మొదటిదానికి నేను చెప్తాను, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు పనులు తెలిసినదాన్ని.

మీ గుంపు చేయగలిగింది చెయ్యండి, కానీ హద్దు ఇదీ అని మొదటిరోజే బోర్డుమీద రాయండి. రెండు వారాలు దాటినా నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, క్లాసులు ఎగ్గొట్టడం, గదిలోంచి రాకపోవడం కనిపిస్తే కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లండి. "వెళ్లు" అనడం కాదు, పక్కనుండి అపాయింట్‌మెంట్ తీయించండి. చనిపోవాలనిపిస్తోందన్న మాట ఏ రూపంలో వచ్చినా అదేరోజు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి, అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకి సాయంచేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పంపొచ్చు, 24 గంటలూ ఉంటారు. అప్పటికప్పుడు ప్రాణాపాయం ఉంటే 911.

కౌన్సెలింగ్‌కి వెళ్లడం ఎఫ్-1 (విద్యార్థి వీసా) హోదాని దెబ్బతీయదు. అక్కడి మాటలు ఇమిగ్రేషన్‌కీ, ప్రొఫెసర్లకీ, తల్లిదండ్రులకీ చేరవు. 18 దాటినవాళ్లు అమెరికా చట్టం ప్రకారం పెద్దవాళ్లే. మినహాయింపులు ఉన్నాయి, వాటిని దాచకుండా చెప్పండి: తనకో ఇంకొకరికో ప్రాణాపాయం ఉన్నప్పుడు, పిల్లలమీద హింస బయటపడినప్పుడు, కోర్టు ఆదేశం ఉన్నప్పుడు. మొదటి అపాయింట్‌మెంట్‌లో కౌన్సెలరే ఇవన్నీ చదివి సంతకం తీసుకుంటారు.

హోదాని నిజంగా దెబ్బతీసేది వేరే ఉంది. ఒత్తిడి తట్టుకోలేక ఎవరికీ చెప్పకుండా కోర్సు డ్రాప్ చేసేస్తారు. ఫుల్‌టైమ్ క్రెడిట్ల కన్నా తగ్గగానే హోదా పోతుంది. ఆరోగ్య కారణాలమీద కోర్సులు తగ్గించుకునే వీలు నిబంధనల్లోనే ఉంది, ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం కలిపి 12 నెలలదాకా, అవసరమైతే పూర్తిగా సున్నా క్రెడిట్లదాకా. కానీ డ్రాప్ చేయకముందే డీఎస్ఓ (యూనివర్సిటీలో విద్యార్థి వీసాల పని చూసే అధికారి) అనుమతి రావాలి. లైసెన్సున్న వైద్యుడిదో క్లినికల్ సైకాలజిస్టుదో లేఖ ఉండాలి. యూనివర్సిటీ కౌన్సెలర్ సోషల్ వర్కరో ప్రొఫెషనల్ కౌన్సెలరో అయితే వాళ్ల లేఖ దీనికి చాలదు. ఇది తెలియక లేఖ పట్టుకుని చివరిరోజు పరుగెత్తేవాళ్లుంటారు. ముందే అడిగి ఎవరు ఇస్తారో తెలుసుకోండి.

ఇంకొకటి. కౌన్సెలర్ల లైసెన్సు రాష్ట్రాలవారీగా ఉంటుంది. టెక్సాస్‌లో మొదలుపెట్టిన విద్యార్థి వేసవిలో ఇంటర్న్‌షిప్‌కి వేరే రాష్ట్రం వెళ్లినా, ఇండియా వెళ్లినా వీడియోలో ఆ సెషన్లు కొనసాగకపోవచ్చు. ఏప్రిల్‌లోనే ఏర్పాటు అడగాలి.

పట్టా చేతికొచ్చి ఓపీటీలో (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతిమీద) ఉన్నవాళ్లు మీ దగ్గరికి వస్తే ఊపిరి లెక్క నేర్పండి కానీ దానితో ఆపొద్దు. ఉద్యోగం లేకుండా 90 రోజులే ఉండనిస్తారన్న బెంగ ధ్యానంతో పోదు. రోజుల లెక్క చూసుకోవడం, కెరీర్ సెంటర్, డీఎస్ఓతో మాట్లాడటం దానికి మందు. మనసు తేలికపడిందని ఆ పని వాయిదా వేయనివ్వకండి.

శ్రుతిపెట్టె

సిగ్గు గురించి. "ఒత్తిడి నివారణ" అని పోస్టరు వేయకండి, ఒత్తిడి ఉన్నవాళ్లే రారు. "సాయంత్రం పాట" అని వేసి ఐదున్నరకి, క్లాసులు అయిన వెంటనే పెట్టండి. ఇంటికెళ్లినవాళ్లు మళ్లీ రారు.

కుర్చీలు గుండ్రంగా కాకుండా అందరూ ఒకేవైపు చూసేలా వేయండి, ఎదురుగా ముఖాలు కనబడితే గొంతు పెగలదు. మొదట రెండు నిమిషాలు తంబురా ఒక్కటే. తర్వాత పెదాలు మూసి షడ్జం, అందరూ కలిసి. గట్టి గొంతున్న ఇద్దరిని వెనక వరసలో కూర్చోబెట్టండి, ముందున్నవాళ్లకి ఆ గొంతు ఆసరా అవుతుంది. ఒంటరిగా ఎవరిచేతా పాడించొద్దు, నాలుగో వారంలో కూడా. పాడనివాళ్లకి తొడమీద దెబ్బ వేసే పని ఇవ్వండి, దెబ్బల లెక్క ప్రకారమే ఊపిరి పీల్చి వదలమనండి. ఫోన్లు సంచిలోనే ఉండాలి, రికార్డింగు చేయరని ముందే చెప్పాలి. వీడియో తీస్తారేమో అన్న అనుమానం ఒక్కటి చాలు, గదిలో సగం గొంతులు ఆగిపోతాయి.